శనివారం ఆగిన లారీ తలుపులు

ఉప్పాడ సముద్రపు గాలికి మా నాన్న చేపల లారీ తలుపులు తుప్పు పట్టి రాలిపోయాయి. సోమవారం ఫిట్‌నెస్ చూపించకపోతే బండి రోడ్డెక్కదు. పట్టిసీమలో ఒక రైతుగారి కొట్టంలో పాత లారీ ఉందనీ, దాని తలుపులకు తుప్పన్నది లేదనీ తెలిసి గోదావరి దాటి వెళ్లాం.

ముందురోజే నా బీయస్సీ ఫలితాలొచ్చాయి. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే. లాంచీలో కనబడ్డవాళ్లందరికీ చెప్పేశాను. రైతుగారి తల్లికైతే గుమ్మంలోనే చెప్పాను.

ఊడదీసిన తలుపులకు నాన్న తాళ్లు కడుతుంటే ఆ మామ్మగారు అడ్డొచ్చారు.

“శనివారం పూట ఇనుం కొనుక్కెళ్తారా ఎవరైనా? ఏంటమ్మా, డిగ్రీ చదివానంటున్నావ్, వారాలు తెలీవా?”

“సోమవారం బండి చూపించాలండి మామ్మగారూ,” అన్నాను.

“మధ్యలో ఆదివారం లేదేంటి? మీకేమన్నా అయితే నాకు నిద్ర పట్టదు. అన్నం తిని పడుకోండి, పొద్దున్నే వెళ్దురుగాని.”

కీడు జరిగితే మాకు, బెంగ మాత్రం ఆవిడకి. నాన్న నవ్వుతూ తాళ్లు విప్పేశాడు.

తెల్లవారాక ఆవిడ తలుపులకు పసుపు రాసి, బొట్టు పెట్టి లాంచీ దాకా మోయించారు. ఆ వెలుగులో నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. నిలబెట్టిన తలుపు కిటికీలోంచి గోదావరి తీరిగ్గా వెళ్లిపోతోంది. నాన్న ఆ తలుపును మెల్లగా తట్టి, “బాగా చూసుకో. రేపట్నుంచి నీకు ఉప్పుగాలే,” అన్నాడు.