ఎనిమిది సిలిండర్ల ఎర్ర కారు

పోయిన నెలలో మా అన్న కొడుకు నన్ను సైనిక్‌పురిలో కొత్తగా తెరిచిన కార్ల షోరూముకు తీసుకెళ్లాడు. డెబ్బై దాటిన మేనత్తకు కారు చూపించి ఏం చేస్తాడో అనుకున్నాను గానీ, అద్దాల గది మధ్యలో నిలబెట్టిన ఆ ఎర్ర బండిని చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. పొడవాటి ముక్కు, వెడల్పాటి భుజాలు, వెనక్కి వాలిన కప్పు; మా అన్న యవ్వనంలో నడిపిన అమెరికా కారు రూపాన్నే తీసుకుని, అదే పేరుతో మళ్లీ తయారు చేశారట. ఇది బ్యాటరీ మీద నడుస్తుందట, పాత ఇంజను గర్జన కావాలంటే మాత్రం స్పీకర్లలోంచి వస్తుందట. అక్కడి ఉద్యోగి మీట నొక్కి వినిపిస్తే చుట్టూ ఉన్నవాళ్లు సంబరంగా చప్పట్లు కొట్టారు. నేను దవడ పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను.

"నాయిన బండి మల్ల మనింటికొస్తది అత్తా," అని మావాడు మురిసిపోతున్నాడు. వాళ్ల నాన్న ఆ కారును మంచి ధరకు అమ్మేశాడని మాత్రమే వాడికి తెలుసు.

మన వయసు వాళ్లకు ఆ రోజుల రోడ్లు గుర్తుండే ఉంటాయి. సైకిళ్లు, రిక్షాలు, నాలుగైదు రకాల కార్లు, అంతే. అప్పుడు మేము మౌలాలిలో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా అన్నకు సీతాఫల్‌మండిలో రేకుల షెడ్డు ఉండేది. ఇంజను పని ఆయనది, సొట్టలు తీయడం, రంగు వేయడం ఆయన స్నేహితుడిది. ఆ స్నేహితుణ్ణి నేను భాయీ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఇద్దరూ కలిసి వేలంలో ఒక పక్క నుజ్జయిన ఆ కారును కొని, ఏడాదిన్నర దాని కిందే పడుకున్నారు. దొరకని సామాను లేతు మిషను మీద చేయించి, తలుపు రేకును భాయి సుత్తితో కొట్టి కొట్టి అద్దంలా సాపు చేసి, చివరికి ఎర్ర రంగు వేశారు. మొదటిసారి ఎనిమిది సిలిండర్లూ అంటుకున్నప్పుడు షెడ్డు రేకులు గలగలలాడాయి, భాయి ఏడ్చేశాడు.

ఆ కారు వచ్చాక మా అన్న మారిపోయాడు. అంతకుముందు గొంతెత్తి మాట్లాడని మనిషి, ఆ స్టీరింగు ముందు కూర్చుంటే ఎవరినీ ముందుకు పోనిచ్చేవాడు కాదు. దారివ్వని లారీవాణ్ణి కిందికి లాగి కొట్టాడు. అంత వేగం వద్దన్నందుకు ఒకసారి వదిననూ చెంపదెబ్బ కొట్టాడు. ఇవన్నీ చూస్తూ కూడా నేను ఆ కారెక్కి ఊరేగడం మానలేదు. రోడ్డు మీద జనం తిరిగి చూస్తుంటే నాకు గర్వంగానే ఉండేది, ఆ మాట దాచను.

ఒకరోజు కంకర కాంట్రాక్టరు కొడుకు జీపుతో మా కారుకు పోటీ వచ్చి, ఓడిపోయి, ఉక్రోషంతో రాయి విసిరాడు. మా అన్న జీపును అడ్డగించి, దాని స్టార్టింగు హ్యాండిలుతోనే నడిరోడ్డు మీద అతని ముక్కు పగలగొట్టాడు.

మూడో రోజు శనివారం. ఆఫీసులో టైపు పని ఒంటిపూటతో ముగించుకుని నేను షెడ్డుకు వెళ్లాను. అన్న సామాను కోసం బయటికి పోయాడు. లారీ ఒకటి వచ్చి ఆగింది, కాంట్రాక్టరు మనుషులు నలుగురు ఇనుప రాడ్లతో దూకారు. భాయి చేతులు చాచి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"కొడితే నన్ను కొట్టుండ్రి. బండి జోలికి పోకుండ్రి."

వాళ్లు రెంటినీ కొట్టారు. ముందు అద్దం పగిలింది. వాళ్లలో బాగా పొడుగ్గా ఉన్నవాడు భాయి కుడి మణికట్టు మీద రాడ్డు దించాడు, ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. నేను పెద్ద పానా అందుకుని ఒకడి నెత్తి మీద బలంగా కొట్టాను. వెచ్చటి రక్తం నా చేతుల మీదికి చిందింది. ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, సంతోషం. ఇప్పటికీ నన్ను నిద్రలేపేది ఆ సంతోషమే.

వాళ్లు లారీ ఎక్కి పోయిన కాసేపటికి అన్న వచ్చాడు. భాయిని చూశాడు, కారును చూశాడు, వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"పోకురా. జెర నా మాటిను. విరిగింది నా చెయ్యి, నా తక్లీఫ్ నేను పడ్త," అని భాయి బతిమాలాడు.

"జరుగు," అన్నాడు అన్న.

ఆపవచ్చుననే ఆశతో నేను పక్క సీట్లోకి దూకాను. అద్దం లేని కారులోకి గాలి, దుమ్ము కొట్టుకొస్తుండగా లారీ పోయిన దారినే మౌలాలి దాకా వచ్చాం. అక్కడ రాతిగోడ పక్కన, లారీ దిగి ఇంటిదారి పట్టిన ఆ పొడుగు మనిషి ఒక్కడే నడిచిపోతూ కనిపించాడు. అన్న వేగం తగ్గించలేదు, కారును నేరుగా అతని మీదికి తిప్పాడు. అతను వెనక్కి తిరిగాడు. నా ఈడువాడే. నేను రెండు చేతులతో స్టీరింగు పట్టి నా వైపుకు లాగాను.

కారు గోడకు గుద్దుకుంది. అప్పట్లో బెల్టులేవీ? నా దవడ ఎదురుగా ఉన్న ఇనుప డాష్‌బోర్డుకు తగిలి విరిగింది, రెండు పళ్లు ఒళ్లో పడ్డాయి. స్టీరింగు అన్న రొమ్ములో దిగబడింది. మడ్‌గార్డు తగిలి పడిపోయిన ఆ మనిషి లేచి, రెండు చేతులతో పెద్ద రాయి ఎత్తి, కదలలేక ఇరుక్కుపోయిన మా అన్న దగ్గరికి వచ్చాడు.

నేను పాకుతూ దిగి అడ్డం నిలబడ్డాను. అతన్నే అన్నా అని పిలిచాను, నోట్లోంచి మాటకంటే రక్తమే ఎక్కువ వచ్చింది.

"అన్నా, సాలు. ఇగ సాలు. నీకు దండం పెడ్త."

అతను నన్ను చూశాడు. రాయిని పక్కకు పారేసి, బిగుసుకుపోయిన తలుపును కాలు తన్నిపెట్టి ఊడబీకి, అన్నను బయటికి లాగి, వచ్చే టెంపోను ఆపి ఎక్కించాడు. "మల్ల నాకు కనవడకుండ్రి," అని మాత్రం అన్నాడు. ఇరువైపులా ఎవరూ కేసు పెట్టలేదు.

అన్నకు నాలుగు ఎముకలు విరిగినా బతికాడు. వారం తర్వాత చేతికి కట్టుతో భాయి ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన నిలబడ్డాడు.

"నా చెయ్యి పాయె, దానికి నేనేం అంటలేను. నా పేరు జెప్పి మనిషిని సంపబోతివి. అది నాతోని కాదురా," అని వెళ్లిపోయాడు. మళ్లీ షెడ్డుకు రాలేదు, ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయాడు. కారును ముక్కలుగా కోసి పాతసామానుకు వేశారు. అన్న ఆ తర్వాత స్కూటర్లు బాగుచేసుకుంటూ బతికాడే గాని, చనిపోయేదాకా ఏ కారు స్టీరింగూ ముట్టుకోలేదు.

షోరూము నుంచి వచ్చిన రాత్రే ఇదంతా మావాడికి చెప్పాను. "నాయిన గిట్ల చేసిండా?" అని తల దించుకున్నాడు. అయినా కారు కొన్నాడు, కొనవద్దని నేనూ అనలేదు. ఎదురుగా ఏదైనా వస్తే తనంతట తానే ఆగుతుందట, బెల్టు పెట్టుకోకపోతే గోల చేస్తుందట. మంచిదే. మన కాలంలో మగవాళ్లకు పౌరుషం ఉండేదని మనవాళ్లు ఇంకా చెప్పుకుంటుంటారు. ఆ పౌరుషం పోయినందుకు నాకు విచారం లేదు. ఒక రేకు ముక్కను నెలల తరబడి ఇద్దరు పక్కపక్కన కూర్చుని సాపు చేసుకున్న ఓపిక కూడా దాంతోపాటే పోయిందే అన్నదే నా విచారం. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల భవనం లేచింది. మావాడు నన్ను ఎక్కించుకుని అటుగా పోయిన ప్రతిసారీ, నెమ్మదిగా పోనీయమని చెప్పి, వాళ్లలో భాయి ఉన్నాడేమోనని, రోడ్డు మీద పోయే ముసలివాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తుంటాను.