కోట చూద్దామని వెళ్ళి ఫిమేల్ వార్డు చూసొచ్చాను

వరంగల్ నా సొంత ఊరే అయినా ఖిలాను తీరిగ్గా చూసి ఎన్నేళ్ళైందో గుర్తులేదు. ఈసారి అసలు పోయింది మాత్రం మా కరుణక్క కోసం. పన్నెండేళ్ళ క్రితం బావ ఆమెను వదిలేసి, పరకాలలో బట్టలు కుట్టే పద్మతో కాపురం పెట్టాడు. రెండేళ్ళ క్రితం అక్కడే పోయాడు. అక్క వరంగల్‌లో చర్చి బడిలో వంట చేసుకుంటూ ఒంటిగదిలో ఉంటోంది. ఊరందరికీ చేసింది చాలు, నాతో హైదరాబాద్ వచ్చెయ్ అని ఈసారి చెయ్యి పట్టుకుని లాక్కొద్దామనుకున్నాను. మధ్యాహ్నం ఇద్దరం ఖిలా చూడటం, సాయంత్రం రైలుకు తిరిగి రావడం, అదీ నా ప్లాను.

సికింద్రాబాద్‌లో ఏడు దాటాక రైలెక్కాను. రెండున్నర గంటల ప్రయాణం, కూర్చునే టికెట్ వంద రూపాయల లోపే. స్టేషన్ ఘన్‌పూర్ దాటుతుండగా ఫోన్ చేస్తే, ఇంటికి కాదు, పెద్ద దవాఖానలో ఫిమేల్ వార్డుకు రమ్మంది అక్క. తనకేమీ కాలేదని చెప్పి ఫోన్ పెట్టేసింది. స్టేషన్ బయట గడ్డం నెరిసిన ఆటో ఆయన మొదట నూట ఇరవై అడిగాడు. దవాఖాన పేరెత్తగానే, "ఎనభై ఇయ్యి బిడ్డా, దవాఖానకు పోయేటోళ్ళతోని బేరమేంది. ఫికర్ చెయ్యకు" అన్నాడు. షేర్ ఆటో అయితే ఇరవైకే పోవచ్చట.

వార్డులో అక్క ఒక మంచం పక్కన నిలబడి, ఎవరికో తలకు నూనె రాసి జడలు వేస్తోంది. ఆపరేషన్‌కు పోయేవాళ్ళకు రెండు జడలు వెయ్యాలని నర్సులు పట్టుపడతారు. అక్క మెడలో అటెండెంట్ పాస్ ఉంది, దాని మీద రోగికి ఏమవుతారన్న చోట 'అక్క' అని రాసుంది. మాకు ఇంకో చెల్లెలెవరబ్బా అనుకుంటుండగా మంచం మీదామె తల తిప్పింది. పద్మ. బావ శవం దగ్గర చూసిన ఆ మొహాన్ని ఎలా మర్చిపోతాను? నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడమంటే మామూలు సంగతి కాదు, కావాలంటే మావాళ్ళనడగండి.

మాట వచ్చాక అక్కను వరండాలోకి లాక్కెళ్ళి తిట్టాల్సినవన్నీ తిట్టాను. సిగ్గుందా అని కూడా అడిగాను. ఆమె అంతా విని, చేతుల నూనె కొంగుకు తుడుచుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆడవాళ్ళు దిక్కులేని రోగులకు రాగి జావ తెచ్చిస్తారు. మూడు వారాల క్రితం అలా పంచుతూ పోతుంటే ఈ మంచం ఎదురైందట.

"మొదటి దినం నేను సుత గ్లాసు పెట్టి మొఖం తిప్పుకొని వచ్చిన చెల్లె" అంది. "ఇంటికి పోయి ప్రార్థనకు కూసుంటే నోరు పెగల్లె. తెల్లారి మళ్ళ వచ్చిన."

ఆమె నీ బతుకు పాడు చేసింది కదా అన్నాను.

"పాడైందని ఇన్నేండ్లు ఏడ్సుకుంట కూసున్న. ఇప్పుడు పొద్దున లేస్తే నాకోసం ఒకరు ఎదురుచూస్తాన్రు. కడుపు నిండినట్టున్నది. నన్ను హైదరాబాద్ రమ్మనకు."

అప్పుడే నర్సు వచ్చింది. గర్భసంచిలో గడ్డకు మర్నాడు పొద్దున ఆపరేషన్. ఏ గ్రూపైనా సరే, బ్లడ్ బ్యాంకులో ఎవరైనా ఒక యూనిట్ ఇస్తే పద్మకు కావాల్సిన రక్తం ఇస్తారు. రెండింటిలోపు ఇవ్వకపోతే రేపటి లిస్టులోంచి పేరు తీసేస్తామంది. అక్క షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటుంది, ఆమెది పనికిరాదు. చర్చి నుంచి ఇద్దరు వచ్చారట, ఒకరికి బీపీ, ఇంకొకరికి రక్తమే తక్కువ. పద్మ తరఫున ఇంకెవరూ లేరు. అక్క నన్ను అడగలేదు. అడిగితే నాలుగు తిట్టి తప్పించుకునేదాన్ని. ఆమె వెళ్ళి రెండో జడ అల్లడం మొదలుపెట్టింది.

అక్క జావ గ్లాసు కడగడానికి పోయినప్పుడు పద్మ, నా వైపు చూడకుండానే, "మీ అక్క తిడ్తలేదు, ఏడుస్తలేదు. గదే నాకు భయమైతాంది" అంది.

నాకూ అదే భయం. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. గేటు బయట బండి మీద ముప్పై రూపాయల ఇడ్లీ తిని బ్లడ్ బ్యాంకుకు నడిచాను. అక్కడ ఫారంలో మళ్ళీ అదే ప్రశ్న, రోగికి ఏమవుతారు. నా వెనక ఇద్దరు విసుక్కునేదాకా పెన్ను పట్టుకుని నిలబడ్డాను. చివరికి 'చెల్లెలు' అని రాశాను. అప్పటికి ఒంటిగంటన్నర అయింది.

తిరిగొచ్చాక, ఆపరేషన్ అయ్యాక ఆమె ఎక్కడికి పోతుందని అక్కను అడిగాను. "ఇంకేడికి పోతది, మనింటికే" అంది, ఉప్పు కొనుక్కొస్తానన్నంత మామూలుగా. నేను అక్కడున్న బల్ల మీద కూలబడ్డాను. రక్తమిచ్చినందుకు నీరసమనుకుని అక్క నాకు బిస్కెట్లు తినిపించింది.

చర్చిలోనే పుట్టి పెరిగినదాన్ని, ప్రేమ గురించి వినని ఆదివారం లేదు. విని, చెప్పులేసుకుని ఇంటికొచ్చేసేదాన్ని. దాన్ని ఎవరైనా ఇంత నిజంగా పట్టించుకుంటారని, అదీ మా ఇంట్లోనే, అనుకోలేదు. ఆ షాక్ నుంచి ఇంకా తేరుకోలేదు. అక్క బతుకు బాగుచేద్దామని పోయినదాన్ని, తిరుగు రైల్లో నా బతుకు గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. పద్మ మీద కోపం పోయిందా అంటే పోలేదు, అబద్ధమెందుకు. ఆపరేషన్ మాత్రం బాగా జరిగింది.

వరంగల్ పోయేవాళ్ళకు ఒక్క సలహా. శని, ఆదివారాల్లో స్టేషన్ దగ్గర లాడ్జి గదులు త్వరగా నిండిపోతాయి, ముందే ఫోన్ చేసి చెప్పుకోండి, ఆధార్ కార్డు మర్చిపోకండి. వచ్చే శనివారానికి నేనూ ఒకటి చెప్పుకున్నాను. అక్క గదిలో ఉన్నది ఒకటే మంచం, దాని మీద పద్మ పడుకుంటోంది. అక్క కింద చాప మీద.