నీళ్ళు చూడని గాలపు కర్ర

గాలపు కర్రలు చేయడం నేను ముందు నేర్చుకున్నాను, చేప నీళ్ళలో ఈదడం తరువాత చూశాను. ఆ రోజుల్లో మా వైపు చేప అంటే కదిరి సంతలో ఐసుగడ్డ మీద నోరు తెరుచుకుని పడుకున్నదే. అది ఎక్కడో బతికిందనీ, దాన్ని ఎవరో ఒడ్డున కూర్చుని ఓపిగ్గా పట్టారనీ మాకెవరికీ తట్టేది కాదు. నీళ్ళంటే బిందెలు, వాన అంటే పోయిన ఏడాది మాట. అటువంటి చోట పద్దెనిమిదేళ్ళ పిల్ల, గాలపు కర్రలకు ఏ పూత మంచిదో తేలుస్తానని ఒక ఎండాకాలమంతా రేకుల కప్పు ఎక్కి దిగిందంటే నా కూతురే నమ్మదు. (నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందిలెండి. ఇప్పుడు నేను మంచం ఎక్కాలన్నా ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి.)

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, కదిరిలో వెదురు నిచ్చెనలూ బట్టలారేసే దండేలూ చేసేవాడు. నేను యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెలో ఐదో తరగతితో బడి చాలించుకుని, కలుపు తీస్తూ చెనక్కాయలు వలుస్తూ ఉండేదాన్ని. ఒకరోజు చిన్నాయన కొట్టు ముందు పెద్ద టోపీ పెట్టుకున్న బెంగుళూరు పెద్దమనిషి ఒకాయన ఆటో దిగాడట. ఆయన భార్య పుట్టపర్తికి దర్శనానికి వస్తే, ఈయన ఆ నాలుగు రోజులూ "ఇక్కడ నీళ్ళెక్కడ ఉన్నాయి?" అని కనబడ్డవాళ్ళనల్లా అడుగుతూ తిరిగేవాడు. చేపలు పట్టడమంటే అంత పిచ్చి. మేము ఆయనకు గాలాల సారు అని పేరు పెట్టుకున్నాం. వెదురును తట్టి చూసి, వంచి చూసి, తన కొలతకు ఒక గాలపు కర్ర చేసిపెట్టమన్నాడాయన. కర్ర చెయ్యడం చిన్నాయనకు ఒక లెక్క కాదు. కానీ గాలపు దారం పోవడానికి దాని పొడవునా ముక్కుపుడకంత రింగులు పెట్టి, వాటిని పట్టుదారంతో పోగు పక్కన పోగు చుట్టి బిగించాలి. చిన్నాయన వేళ్ళు గడ్డపారలు. నాకేమో మా అమ్మ పుట్టిల్లు ధర్మవరం కాబట్టి, పట్టుదారం చుట్టడం అన్నం తినడంతోపాటే వచ్చింది. అట్లా నన్ను పిలిపించారు.

నాయన బస్సెక్కిస్తూ ఒక మాట గట్టిగా చెప్పాడు. "ఎండాకాలం వరకే సూడమ్మీ. ఆ పని నిలబడితే సరే. లేకుంటే విత్తనం ఏసే పొద్దుకు నువ్వు సేన్లో ఉండల్ల."

పని నిలబడాలని నేను మొక్కని దేవుడు లేడు. నీడలో కూర్చునే పని కావడం ఒకటి. నేను చుట్టిన ఎర్రదారాన్ని గాలాల సారు వెలుతురుకు ఎత్తి చూసి "ఆహా" అనడం ఇంకొకటి. అంతకుముందు నేను తీసిన కలుపును చూసి "ఆహా" అన్నవాళ్ళు ఎవరూ లేరు. అయితే ఆయన ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "దారం చక్కగా చుట్టినావమ్మా. పైన మంచి పూత లేకపోతే పీచు లేస్తుంది, వెదురు చెడిపోతుంది. నాలుగైదు రకాలు వేసి, పోల్చి చూడండి. ఏ కష్టానికైనా నిలబడే పూత ఏదో తేల్చి, దాంతో ఆరు కర్రలు చేసిపెట్టండి. రెండు నెలలకు వస్తాను. బాగుంటే మా స్నేహితులందరికీ మీ కర్రలే."

ఆయన ఆటో మలుపు తిరగగానే చిన్నాయన మీసం దువ్వాడు. "కష్టానికి నిలబడల్లంటనే! కష్టమంటే ఏమో అనంతపురమోళ్ళకు చెప్పల్లనా? ఎక్కించు రేకుల మీదికి!"

అంతే, ఇంటిల్లిపాదీ పూతల పండితులైపోయారు. మూరెడేసి కర్రలు ఐదింటికి ఎర్రదారం చుట్టి, తలా ఒకటి పంచుకున్నాం. మొదటిది మా జేజిది. (నాయన తల్లి. ఆమెకు తెలియని వైద్యం లేదు, అడిగినవాళ్ళూ లేరు.) "ఆముదం పూయండి. మీ తాత బండి ఇరుసుకూ అదే, నా తలకూ అదే. బండి పోయినాది గానీ నేను ఇంకా తిరుగుతాండా గదా!" అంది. రెండోది పక్కకొట్టు రంగుల మామది. ఆయన లారీల వెనకాల నెమళ్ళూ పులులూ వేసే సాయిబు. తన వార్నిష్ డబ్బాను పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. "పాపా, దీన్ని పూసిన లారీ దేశమంతా తిరిగొచ్చినాది. నెమలి కన్ను కూడా చెదరలే!" మూడోది మా చిన్నమ్మ రంగులేని గోళ్ళ పాలిష్. నాలుగోది చిన్నాయన రెండు ట్యూబుల గమ్ము, రెండూ కలిపితే రాయి అయ్యేది. ఐదోది నాది. సున్నం కొట్టేటప్పుడు చేతికి అంటకుండా తుమ్మబంక, బెల్లం కలుపుతారు కదా, అది గుర్తొచ్చింది. ఏరుకొచ్చిన తుమ్మబంకను నానబెట్టి, వడగట్టి, వంచితే పగలకుండా కాస్త బెల్లం పాకం చేర్చి పూశాను. ఆరినాక చూస్తే అద్దం! అందులో నా ముక్కు కనబడింది.

రాయడం నాకు అంతగా రాదు కాబట్టి కర్రలకు ముడులు వేశాను, ఒకటి నుంచి ఐదు దాకా. మిగతాదంతా తలలోనే. ఏ రోజు ఏ కర్ర ఎట్లా ఉందో ఈరోజు అడిగినా చెప్తాను. (నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మాత్రం అడగకండి.) రేకుల మీద చెయ్యి పెడితే చుర్రుమనే ఎండలో రోజంతా ఉంచాం. గాలిదుమ్ముకు వేలాడదీశాం. ఇసుకతో రుద్దాం. చిన్నాయన మోపెడుకు కట్టుకుని పుట్టపర్తి దాకా పోయొచ్చాడు. జేజి ఆముదం మూడోరోజుకు కూడా ఆరలేదు సరికదా, ఎర్రదుమ్మూ రెండు ఈగలూ ఒక కోడి ఈకా అంటించుకుని కూర్చుంది. జేజి దాన్ని చూసి మురిసిపోయింది. "కర్రకే ఎంటికలు మొలిసినాయి సూడండి! ఆముదమంటే ఏమనుకున్యారు?" ఎనిమిదోరోజుకు చిన్నమ్మ పాలిష్ పాముకుబుసంలా ఊడింది. చిన్నాయన గమ్ము గాలిబుడగలతో గట్టిపడి, పచ్చకామెర్లొచ్చినట్టు పసుపెక్కింది. రంగుల మామ వార్నిష్ మాత్రం రాయిలాగే నిలిచింది గానీ, దాని కింద నా ఎర్రపట్టు నల్లబడిపోయింది.

"మామా, సారు మెచ్చింది ఎర్రదారం, నీది కార్జం రంగైంది" అన్నాను.

"గట్టితనం సూడు పాపా, రంగుదేముంది?"

"లారీకి నెమలిని నల్లగా ఏస్తావా నువ్వు?"

మామ డబ్బా మూత బిగించుకున్నాడు. నా ఐదో కర్ర చెక్కుచెదరలేదు. ఎండకు ఇంకా మెరిసింది, దుమ్ము దులిపితే రాలిపోయింది. నేను కాలు నేలమీద పెట్టి నడిస్తే ఒట్టు.

ఆ మధ్యలో ఒక చిన్న సంఘటన జరిగింది. గాలికి ఐదో కర్ర జారి చిన్నమ్మ మేక ముందు పడింది. నేను దిగొచ్చేసరికి అది కళ్ళు మూసుకుని పరవశంగా నాకుతోంది. రింగు దాని పెదవి మీద ఉంది, దారం గడ్డం కింద వేలాడుతోంది, కర్ర నున్నగా తయారైంది. చిన్నాయన కర్రనూ మేకనూ మార్చి మార్చి చూసి తీర్పు చెప్పాడు. "మేక నాలుకకు యా పూత ఆగుతాదే? పోయినేడు గేటు రంగు నాకేసింది ఇదే గదా!"

"అయినా చేపలకు మేక నాలుక ఉండదు గదా చిన్నాయనా."

"అదే నేనూ చెప్తాండేది!"

రంగుల మామ కూడా తలాడించాడు. అంతమంది పెద్దవాళ్ళు, అంత అనుభవం! మేక ఒక్కటే ఆ రోజు మాకు నిజం చెప్పింది. దాన్ని కట్టేసి, ఆరు కర్రలకూ నా పూతే వేశాం.

గాలాల సారు చెప్పిన రోజుకే వచ్చాడు. ఆ ఏడు కాలవ నీళ్ళు వదిలిన చెరువొకటి ఉంటే, అందరం ఆటోలో పోయాం. సరిగ్గా ఆ పొద్దున్నే నాయన కూడా ఊరి నుంచి దిగాడు, భుజాన ఖాళీ సంచితో. అది నా బట్టలకని నాకు తెలుసు. అన్ని నీళ్ళు ఒక్కచోట నేను అంతవరకు చూడలేదు. సారు కర్రను ఎత్తి, ఎండకు తిప్పి "ఆహా, ఆహా" అని రెండుసార్లు అన్నాడు. నేను నాయన వైపు చూశాను. నాయన సంచి మడత పెడుతున్నాడు. ఇంక గెలిచినట్టే అనుకున్నాను.

సారు గాలం విసిరి, దారం మునగడానికి కర్ర కొసను మూరెడు లోతున నీళ్ళలో ముంచి పట్టుకున్నాడు. కాసేపటికి ఒక ఎర్రపోగు నీళ్ళ మీద తేలింది. వెనకే ఇంకొకటి. సారు కర్ర ఎత్తేసరికి మొదటి రింగు గాలపు దారం వెంట సర్రున జారి చెరువులోకి పోయింది, రెండోది తల వంచుకుని దాని వెనకే పోయింది. కర్ర కొస ఉన్నచోట నీళ్ళు కుతకుతలాడాయి, చిన్నచేపలు గుంపుగా మూగాయి.

రంగుల మామ ఉండబట్టలేక అరిచాడు. "సారూ! చేపలు గాలాన్ని ఇడిసిపెట్టి కర్రను తింటాండాయి!"

సారు తన వేళ్ళను చూసుకున్నాడు, విడదీశాడు, అతుక్కున్నాయి. "ఇదేం పూతమ్మా?"

"తుమ్మబంక సార్." అన్నాను. "కొంచెం... బెల్లం."

"నీళ్ళలో పెట్టి చూడలేదా?"

అప్పుడు మేము ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎండ చూశాం, గాలి చూశాం, దుమ్ము చూశాం, మోపెడు చూశాం. నీళ్ళు! ఆ మాట ఇంట్లో ఒక్కరికి, ఒక్కరోజైనా, తోచలేదు. చివరికి చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళా సార్? మాకు కొళాయి నాల్గు దినాలకొకసారి వస్తాది. మనుషులకే సాలవు, కర్రలకు యాడ పోసేది?"

సారు గట్టు మీద కూలబడ్డాడు. నవ్వి నవ్వి టోపీ చెరువులో పడేసుకున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నాయన ఒక్కడే నవ్వకుండా సంచి మడత మళ్ళీ విప్పాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే, సారుకు చూపిద్దామని తెచ్చిన పరీక్ష కర్రల కట్టలోంచి రెండు ముడుల కర్ర లాగి నీళ్ళలో ముంచాను. రంగుల మామ వార్నిష్ మీద నీళ్ళు చేమాకు మీద జారినట్టు జారిపోయాయి.

"సార్, ఇది నీళ్ళకు ఆగింది, కానీ పట్టు నల్లబడింది. నాది నీళ్ళకు ఆగలే, కానీ దాని కింద ఎరుపు ఎరుపుగానే ఉండాది. బెల్లం తీసేసి పల్చని బంక ఒక్క పూత ముందు పూస్తా. అది అడ్డముంటే వార్నిష్ దారంలోకి దిగదు. ఆరినాక పైన మామ వార్నిష్ మూడు పూతలు. నీళ్ళు లోపలికి దిగవు." అని, ఊపిరి తీసుకోకుండా, ఐదు కర్రల కథా మొదటిరోజు నుంచి ఒప్పజెప్పాను. ఏది ఎన్నోరోజు పగిలింది, ఏది ఎప్పుడు పసుపెక్కింది, ఈకతో సహా.

సారు నవ్వు ఆపి వింటున్నాడు. "ఇదంతా ఎక్కడ రాసుకున్నావమ్మా?" అన్నాడు.

"దానికి రాయను రాదు సార్" అన్నాడు నాయన. తరువాత చెరువు వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "ముప్పై ఏండ్లుగా వానొస్తాదని విత్తనం ఏస్తాండా. తప్పిపోతాది. మళ్ళా ఏస్తా. నన్ను ఎవురూ సేన్లోంచి లాక్కపోలే. ఇదొకసారి తప్పితే నేను యాలా లాక్కపోవల్ల? ఇంగొకసారి ఇత్తుకోనీ." సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజు సాయంత్రం బస్సుకు ఒక్కడే పోయాడు. ఖాళీగా పోకూడదని, చిన్నమ్మ ఆ సంచిలో సంత చేప ఒకటి వేసిచ్చింది.

ఈసారి కొత్తగా ఆరు కర్రలు చేసి, వారంరోజులు మేక తొట్టిలో నానబెట్టాం. (నీళ్ళు తాగడానికి వచ్చిన ప్రతిసారీ అది ఒక్కొక్క కర్రనూ నాకి చూసి, మొహం చిట్లించి వెళ్ళిపోయేది. అంతకన్నా నమ్మకమైన పరీక్ష ఇంకొకటి లేదు.) సారు ఆ ఆరూ తీసుకున్నాడు, తరువాత ఆయన స్నేహితులు వచ్చారు, దారం చుట్టే నా బల్ల నాకు మిగిలింది. ఇప్పుడు బజారులో రకరకాల పూతలు సీసాల్లో దొరుకుతాయి, అవీ వాడతాను. కానీ ఏ పూతైనా ముందు తొట్టిలోకి పోవాల్సిందే.

బెల్లం పూత వేసిన ఆ మొదటి ఆరింటిలో చెరువులో ముంచనిది ఒకటి నా బల్లపైన గోడకు వేలాడుతుంది. మొన్న చాలా రోజులకు మంచి వాన పడింది. వాకిట్లో చెయ్యి తడుపుకొచ్చి, ఎవరూ చూడకుండా దాని ఎర్రదారం మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాను. ఇన్నేళ్ళైనా తియ్యగానే ఉంది. పాపం, ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల బెల్లం మాత్రం మంచిదే వేసింది.