తిథులు లెక్కగట్టే కంప్యూటర్

ఎనభైల్లో ఇండియా వదిలొచ్చి, నోవై అనే ఊరి దగ్గర ఇంజన్లు డిజైన్ చేసే ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇంట్లో నాకొక కంప్యూటర్ ఉండేది, దానికి మించిన గర్వం కూడా ఉండేది. కారణం నేను సొంతంగా రాసుకున్న ఓ ప్రోగ్రాం. ఇండియా నుంచి తెప్పించుకున్న పంచాంగంలోని వేళలూ, మా ఊరి సూర్యోదయాలూ ఎక్కిస్తే, మా ఊళ్లో ఏ తిథి ఏ రోజు పాటించాలో చెప్పేది. అక్కడి తిథి ఇక్కడ ఒక్కోసారి ముందు రోజే వచ్చేస్తుంది మరి. తద్దినాలు పెట్టుకునేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫోన్ చేస్తే, పురోహితుడిలా గొంతు సవరించుకుని మరీ చెప్పేవాణ్ణి.

ఒక మే నెలలో పెద్ద హార్డ్ డిస్క్ కొన్నాను. దాన్ని పాత ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా వాడుకోలేదు, కొత్తది ఎక్కించాలి. ఫ్లాపీలు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను గానీ ఎక్కించడానికి ధైర్యం చాలలేదు. కొత్తదాని మీద నా ప్రోగ్రాం నడవకపోతే? సరిగ్గా అప్పుడే, మా అందరికీ పెద్దదిక్కుగా ఉండిన డాక్టరుగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన సంవత్సరీకం వచ్చే శనివారమని వాళ్లావిడకి చెప్పింది నేనే. కొడుకు కాలేజీ నుంచి వచ్చి పెట్టబోతున్నాడు.

"నడుస్తున్నదాన్ని ఎందుకండీ కెలకడం?" అంది మా ఆవిడ.

"నీకు తెలీదులే. అప్‌గ్రేడ్ చేయకపోతే డిస్క్ కొని వేస్ట్."

"అయితే ముందు ఈ ఏడాది తిథులన్నీ నోట్‌బుక్‌లో రాసుకుందాం. కొత్తది ఎక్కించాక అవే వస్తున్నాయో లేదో చెక్ చేసుకోవచ్చు."

సణుక్కుంటూనే ఒప్పుకున్నాను. నేను చదువుతుంటే ఆవిడ రాసింది. మే నెల దగ్గర పెన్ను ఆపింది.

"ఏవండీ, ఈ సూర్యోదయాలు ఎక్కడివి?"

"పేపర్లోవి."

"పేపర్లో వేసేది సమ్మర్ టైం కదా. మరి ఇండియా టైంలోంచి ఎంత తీసేస్తున్నారు?"

"పదిన్నర గంటలు."

"సమ్మర్లో తొమ్మిదిన్నరే కదండీ!"

ఏటా వేసవికి ఇంట్లో గడియారాలన్నీ గంట ముందుకి తిప్పేది ఆవిడే. నాకు ఆ ధ్యాసే లేదు. సూర్యుణ్ణి ఒక గడియారంతోనూ, తిథిని మరో గడియారంతోనూ కొలుస్తూ కూర్చున్నాను. చాలా తిథులకి ఆ గంట అడ్డం రాదు. కానీ తద్దినానికి మధ్యాహ్నం వేళ తిథి ఉండాలి, డాక్టరుగారి తిథేమో సరిగ్గా ఆ అంచు మీద పడింది. దిద్ది చూస్తే శనివారం కాదు, ఆదివారం.

అప్పుడు నాకు కోపం వచ్చింది, అదీ మా ఆవిడ మీదే. గంటసేపు ముఖం మాడ్చుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, కొత్త సిస్టమ్ మీద కలిగిన ఆ అనుమానమే లేకపోతే పాత తప్పు బయటపడేదే కాదు. సంవత్సరీకం అయ్యేదాకా ఫ్లాపీలు ముట్టుకోకూడదని తేల్చుకున్నాం.

ఇక ఫోన్ చెయ్యడం మిగిలింది. నంబరు సగం తిప్పి రెండుసార్లు పెట్టేశాను. చివరికి డాక్టరుగారి భార్య ఎత్తగానే, "అక్కయ్యగారూ, నా లెక్క తప్పింది. శనివారం కాదండీ, ఆదివారం. క్షమించండి," అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆవిడ నవ్వింది.

"ఒకరోజు లేటుగా వస్తారన్నమాట. హాస్పిటల్ నుంచి ఏనాడు చెప్పిన టైంకి వచ్చారు గనక! మంచిపని చేశావు బాబూ, ముందే చెప్పావు. లేకపోతే శనివారమంతా వండిపెట్టుకుని ఆయన కోసం ఊరికే కూర్చునేదాన్ని."