మార్తమ్మగారి ఆమేన్

మార్తమ్మగారికి అన్నీ వచ్చు, ఒక్క ‘ఆమేన్’ అనడం తప్ప. తెలుగు, కన్నడ, తమిళం మూడింటిలోనూ ప్రార్థన మొదలుపెట్టగలరు. ఏ భాషలోనూ ముగించలేరు.

బెంగళూరు కాడుగోడిలో స్టాన్లీగారింట్లో శనివారం సాయంత్రాలు తెలుగువాళ్ళ గృహకూడిక జరిగేది. పాటలు, బైబిలు వాక్యం అయ్యాక చివరి ప్రార్థన మార్తమ్మగారిది. చిక్కపేట బళ్ళో సోషల్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆ రోజు పేపరంతా చదివితే గానీ కూడికకు బయల్దేరేవారు కాదు. అందరూ కళ్ళు మూసుకోగానే ఆ పేపరంతా దేవుడికి వినిపించేవారు.

గుంటూరు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన లలిత్‌కు ఇదొక వింత. వంటింట్లోంచి బిర్యానీ వాసన తొందరపెట్టేది. ఆవిడ గొంతుకు మాత్రం తొందర ఉండేది కాదు. ఊయల ఊపినట్టు మెత్తగా, మంద్రంగా సాగేది. కిటికీ తెర నెమ్మదిగా ఉబ్బి, నెమ్మదిగా వాలేది. ఎక్కడో రైలు కూసేది. లలిత్ కడుపులో ఆకలితోనే ఆ గొంతు వెంట తేలిపోయేవాడు. విధానసౌధ మెట్లెక్కేవాడు. యుద్ధం జరుగుతున్న ఏదో పేరు తెలియని ఊళ్ళో, మూతపడ్డ రొట్టెల దుకాణం ముందు నిలబడేవాడు. తిరిగొచ్చేసరికి బిర్యానీ చల్లారిపోయేది.

అది ఎన్నికల కాలం. స్టాన్లీగారిది ఒక పార్టీ, లలిత్‌ది ఇంకో పార్టీ. వారమంతా వాట్సాప్ గ్రూపులో ఇద్దరూ వాక్యాలు విసురుకుని కొట్టుకునేవారు. శనివారం మార్తమ్మగారు తీర్పు చెప్పేవారు.

“తండ్రీ, స్టాన్లీ మెచ్చిన పార్టీకి వినయమియ్యి. లలిత్ మెచ్చిన పార్టీకి నిజం చెప్పే నోరియ్యి. వీళ్ళిద్దరి ఫోన్లకి స్వల్ప నిద్రియ్యి.”

కళ్ళు మూసుకున్నవాళ్ళు నవ్వాపుకోలేక దగ్గేవారు.

“మనిషి మాదిరి మాట్లాడే యంత్రాలు వచ్చిండాయంట తండ్రీ. మనిషి మాదిరి మాట్లాడే మనుషుల్ని కూడా స్వల్ప పంపించు.”

ఒకసారి, దేవుడు లేడని పుస్తకాలు రాసిన తత్వవేత్తలందరినీ చల్లగా చూడమని వేడుకున్నారు. రాత్రుళ్ళు ఫోన్లో తత్వశాస్త్రం చదివి తలనొప్పి తెచ్చుకునే లలిత్, కూడిక అయ్యాక ఆవిణ్ణి పట్టుకున్నాడు.

“అమ్మా, వాళ్ళ కోసం కూడానా?”

“ఏమప్పా, లేడని చెప్పేదానికి అంత లావు పుస్తకం రాసినారంటే, ఆయన్ని ఎంతసేపు తలుచుకుని ఉండాలో చూడు! మనం తలుచుకునేది బిర్యానీని. వాళ్ళే మేలు.”

స్టాన్లీగారికి మాత్రం ఓపిక అయిపోయింది. ఒక శనివారం లలిత్‌ను బాల్కనీలోకి పిలిచారు.

“ప్రతి మీటింగుకీ ఒక ఎండ్ టైమ్ ఉంటుంది కదా బ్రదర్? ఈవిడకి లేదు. ఈరోజు ఆవిడ గుక్క తిప్పుకోగానే గట్టిగా ‘ఆమేన్’ అనేసెయ్. అందరం అందుకుంటాం.”

“మీరే అనొచ్చు కదండీ?”

“నేనంటే గెంటేసినట్టుంటుంది, నా ఇల్లు కదా! నువ్వంటే కుర్రాడు, ఆత్మావేశం అనుకుంటారు. దానికీ ఆగకపోతే వచ్చేవారం నుంచి చివరి ప్రార్థన నేనే చేస్తాను.”

ఆ ప్రార్థనను మనసారా మెచ్చుకునేది, కోడలితో కలిసి కూడికకు వచ్చే బేబీగారొక్కరే. “మా కోడల్ని చూడండి. మార్తమ్మగారు మొదలెట్టారంటే చాలు, కదలదు, మెదలదు. ఆత్మలో లీనమైపోతుంది!” అని అందరికీ చెప్పుకునేవారు. కోడలు సంధ్య ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ. పగటి నిద్ర ఇంటికి దరిద్రమని బేబీగారి నమ్మకం కాబట్టి, పగలంతా ఇంటి పని.

ఆ సాయంత్రం వాన పడుతోంది. మార్తమ్మగారు మొదలుపెట్టారు. గది మసక వెలుతుర్లో తేలుతున్నట్టుంది. సరైన గుక్క కోసం కాచుకుని లలిత్ మెల్లగా కళ్ళు తెరిచాడు.

మార్తమ్మగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ప్రార్థన ప్రార్థనే, చూపు మాత్రం ఎదుటి సోఫా మీద. అక్కడ సంధ్య అత్తగారి భుజం మీద తల వాల్చి, నోరు కాస్త తెరుచుకుని, చంటిపిల్లలా నిద్రపోతోంది. బేబీగారు కళ్ళు గట్టిగా మూసుకుని, కోడలి భక్తికి పొంగిపోతూ నిటారుగా కూర్చున్నారు. బయట ఆటో హారన్ మోగింది. సంధ్య కదిలింది. మార్తమ్మగారు వెంటనే గొంతు తగ్గించి, జోలపాటలా, కార్పొరేషన్ వార్డుల్ని దీవించడం మొదలుపెట్టారు. సంధ్య మళ్ళీ నిద్రలోకి జారింది.

లలిత్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆవిడ చూపు అతని మీద పడింది.

“తండ్రీ,” అన్నారు గొంతు మారకుండా, “కళ్ళు తెరిచిన పిల్లోనికి నోరు మూసుకునే జ్ఞానమియ్యి.”

లలిత్ నోరు మూసుకున్నాడు.

ఇంకో నాలుగు వార్డులు గడిచాయో లేదో, వానచలికి ఆవిడకు దగ్గు తెర వచ్చింది. గొంతు బొంగురుపోయి, పూర్తిగా ఆగిపోయింది. స్టాన్లీగారు ఆశగా ఊపిరి పీల్చుకున్నారు. ఆయన పెదవులు ‘ఆ’కారంలో తెరుచుకోవడం లలిత్ చూశాడు.

“అలాగే తండ్రీ!” అన్నాడు లలిత్, ఆయనకంటే ముందుగా.

జీవితంలో పదిమందిలో ప్రార్థన చేసినవాడు కాదు. ముందు వాళ్ళ మేనేజర్ కోసం ప్రార్థించాడు. తర్వాత ఉద్యోగాలు పోయినవాళ్ళ కోసం. ఇంకేమీ తోచక స్టాన్లీగారి పార్టీ కోసం కూడా ప్రార్థించాడు. స్టాన్లీగారు నమ్మలేక ఒక కన్ను తెరిచారు.

అక్కడితో లలిత్ సరుకు అయిపోయింది. దిక్కుతోచక మార్తమ్మగారి వైపు చూశాడు. ఆవిడ చీరకొంగుతో దగ్గు అదుముకుంటూ, రెండో చేత్తో గాల్లో చిన్నచిన్న అలలు చూపించి, శబ్దం రాకుండా పెదాలతో అన్నారు: “చెరువులు.”

“ఈ ఊరి చెరువుల్ని జ్ఞాపకం చేసుకో తండ్రీ,” అన్నాడు లలిత్, గొంతు బాగా తగ్గించి. “ఒక్కొక్క దాని పేరూ చెబుతాను, విను.”

వర్తూరు చెరువుతో మొదలుపెట్టాడు. బెంగళూరులో చెరువులు చాలానే ఉన్నాయి.