ప్రేమయ్య తుపాకీ అర్జీ

రాజంపేటలో కచ్చేరి గోడ పక్కన టార్పాలిన్ పట్టా కింద కూర్చుని అర్జీలు రాయడం నా పని. పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నాను. పింఛను ఆగిపోయిందని, చేని గట్టు జరిపారని, మొగుడు తన్నాడని వచ్చేవాళ్లే ఎక్కువ. తుపాకీ కావాలని నా దగ్గరికి వచ్చిన మనిషి ఇంతవరకు ఒక్కడే. అతని పేరు ప్రేమయ్య. మనిషిని చంపిన కేసులో శిక్ష పడి, జైలు నుంచి అప్పుడే బయటికి వచ్చాడు.

"నాగలతమ్మా, తుపాకీ లైసెన్సుకు అర్జీ రాయల్ల," అన్నాడు.

"దేనికన్నా, కాకుల్ని కొట్టేదానికా?" అన్నాను. నా నోరు అట్లాంటిది.

అతను నవ్వలేదు. "నన్ను చంపుతారమ్మా," అన్నాడు.

మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర లారీల లోడింగు కోసం ఇద్దరు కాంట్రాక్టర్లు కొట్లాడుకున్నారు. కొట్లాట వాళ్లది, తలకాయలు కూలోళ్లవి. ప్రేమయ్య ఒకరి వైపు, జోసెఫ్ ఇంకొకరి వైపు. ఇద్దరిదీ ఒకే పల్లె, ఒకే చర్చి. గడ్డపార ఎత్తింది ప్రేమయ్య. జోసెఫ్ అక్కడికక్కడే పోయాడు. ముందే అనుకుని చేసింది కాదని కోర్టు పదేళ్లు వేసింది. జైల్లో ఒద్దికగా ఉన్నాడని కొంత తగ్గించి ఎనిమిదేళ్లకు వదిలారు. కాంట్రాక్టర్లిద్దరూ ఆలోగా వియ్యంకులయ్యారు. పెళ్లిలో ఒకరికొకరు తాంబూలాలు కూడా ఇచ్చుకున్నారట. నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ప్రేమయ్య జైలుకు పోయేటప్పుడు జోసెఫ్ కొడుకు యేసుప్రసాద్‌కు పన్నెండేళ్లు. తిరిగి వచ్చేసరికి ఇరవై. మీసాలొచ్చి లారీ తోలుతున్నాడు. తండ్రిని చంపినవాడు కళ్లెదుట తిరుగుతుంటే కొడుకు ఊరుకుంటాడని మా సీమలో ఎవరూ అనుకోరు. ఊరుకుంటే వాడిని చేతకానివాడంటారు. ప్రేమయ్య ఈ సీమలోనే పుట్టి పెరిగినవాడు, అతనికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

శిక్ష ముగిసిన నాటి నుంచి ఐదేళ్లు నిండేవరకు తుపాకీ అడిగే వీలే లేదని చట్టం చదివి చెప్పాను. "అంతవరకూ బతికుంటే వస్తా," అని పోయాడు. బతికాడు గానీ అదేం బతుకు! నిన్న నడిచిన దారిలో ఈరోజు నడవడు. మంగలి ముందు మెడ చాపాలంటే భయం, గడ్డం ఇంట్లోనే గీసుకుంటాడు. చర్చికి పోతే ఆఖరి చాప మీద, గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. వెనక ఎవరూ ఉండకూడదు. పాము కరిచినవాడు తాడును చూసినా బెదురుతాడంటారు. ప్రేమయ్య తన నీడను చూసి కూడా బెదిరేవాడు. ఇదంతా అతని భార్య మహిమ నా దగ్గర చెప్పుకుని ఏడ్చింది.

ఐదేళ్లు నిండిన వారమే వచ్చాడు. ఈసారి నేను నవ్వలేదు. పక్కన జిరాక్సు అంగడాయన "చంపినోనికి మళ్లా తుపాకీనా?" అంటే అతని మీద ఎగిరాను. శిక్ష అనుభవించి వచ్చినవాడు మనిషి కాడా? వాడి ప్రాణం ప్రాణం కాదా? తనను తాను కాపాడుకునే హక్కు జైలు గేటు దగ్గర వదిలేసి రావాలా? ఆ కోపమంతా పెట్టి మూడు పేజీలు రాశాను. ప్రేమయ్య చదివించుకుని కళ్లు తుడుచుకున్నాడు. అంత బాగా రాశానని నాకు కాస్త గర్వం కూడా కలిగింది.

విచారణకు పిలుపు వచ్చినప్పుడు తోడుగా నన్నూ రమ్మన్నాడు. అధికారి బల్ల మీద రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకటి తెరిచి ప్రేమయ్యను పైనుంచి కిందికి చూశాడు.

"నీకు ఎవరి వల్ల భయం?"

"యేసుప్రసాద్ సార్. వాళ్ల నాయన..." అని ఆగి, "మా పల్లెలోనే ఉండాడు సార్," అన్నాడు.

అధికారి రెండో ఫైలు ముందుకు జరిపాడు. "ఆ యేసుప్రసాద్ కూడా తుపాకీకే అర్జీ పెట్టినాడప్పా. నీకంటే ఆర్నెల్ల ముందు. ఎవరి వల్ల ప్రాణభయం అన్న చోట నీ పేరుండాది."

అధికారి ఆ అర్జీలోంచి చదివి వినిపించాడు.

"నాలుగేళ్లకు పైగా ఇతడు చర్చిలో ఆఖరి వరసలో కూర్చుని నా వీపు వైపే చూస్తుంటాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం అందరూ ప్రభువు బల్ల దగ్గరికి పోయి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఇతడు ఒక్కసారి కూడా రాలేదు. మా సంఘంలో మనసులో పగ ఉంచుకున్నవాడే బల్ల మానుకుంటాడు. పెద్దవాణ్ణయ్యాను కాబట్టి నేను పగ తీర్చుకుంటానేమోనని, ఇతడు ముందే నన్ను చంపాలని చూస్తున్నాడు. మా అమ్మకు నేనొక్కణ్ణే."

ఐదేళ్లుగా నేను ఒక భయాన్నే చూశాను, ఇంకో ఇంట్లో ఇంకొకరు అదే భయంతో చస్తున్నారని కలలో కూడా అనుకోలేదు.

"బల్ల దగ్గరికి యాల పోలేదప్పా నువ్వు?" అని అడిగాడు అధికారి.

"మనిషిని చంపిన చెయ్యి సార్ ఇది. ఈ చేత్తో ఆ రొట్టె యెట్ల తీసుకునేది?" అని ప్రేమయ్య అరచెయ్యి చాపి చూపించాడు. "నాకు యోగ్యత ల్యాదని పోల్యా. పగతో గాదు సార్."

"ఇద్దరికీ తుపాకులిస్తే మీ పల్లెకు శ్మశానం చాలదు. నా రిపోర్టు నేను రాసుకుంటా. పోండి," అన్నాడు అధికారి.

బయటికి రాగానే ప్రేమయ్య నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "పదమ్మా, ఇప్పుడే ఆ పిల్లోనితో మాట్లాడల్ల. నువ్వు ముందుంటే వాళ్లు బెదరరు. నాకు పగ ల్యాదని చెప్పేసి వస్తా." ఆటో ఎక్కాం. దారి పొడుగునా అతని ముఖంలో ఒక వెలుగు. నాకూ సంతోషంగానే ఉంది. ఇంత చిన్న మాట, ఐదేళ్లు ఎవరూ చెప్పుకోలేదే అనుకున్నాను.

జోసెఫ్ భార్య కృపమణి వాకిట్లో కూర్చుని చేటలో వేరుశనగ విత్తనాలు ఏరుతోంది. నన్ను చూసి ఎవరా అన్నట్టు తలెత్తింది. నా వెనక ప్రేమయ్య కనబడ్డాడు. చేట జారి విత్తనాలు వాకిలంతా చిందాయి.

"ఒరేయ్ పెసాదూ, బయటికి రావాకు! గడియ పెట్టుకోరా!" అని కేక పెట్టింది. లోపల గడియ పడింది. ఆమె పరిగెత్తుకొచ్చి ప్రేమయ్య కాళ్ల మీద పడింది. "నన్ను చంపప్పా. వాణ్ణి ఇడిసిపెట్టు. వాడు నిన్నేమీ అనడు, ఊరిడిసి పోతాం. నీ కాళ్లు మొక్కుతా."

అట్లాంటి దృశ్యం నేను జన్మలో చూడలేదు. భర్తను చంపినవాడి పాదాలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. ప్రేమయ్య వెనక్కి లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు.

"వదినా, నేనే భయపడతాండా. మీవాడు నన్ను చంపుతాడని ఐదేండ్లుగా సస్తాండా. అందుకే తుపాకీ కావాలని అర్జీ పెట్టుకున్నా."

కృపమణి చేతులు వదిలేసింది. "నీకా? నీకు భయమా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ అర్జీ రాసింది నువ్వేనామ్మా? అందులో మా ఆయన పేరు రాసినావా?"

కేసు నంబరు రాశాను. సెక్షను రాశాను. ఎన్నేళ్ల శిక్ష, ఏ తేదీన విడుదల, అన్నీ రాశాను. మూడు పేజీల్లో జోసెఫ్ అన్న పేరు ఎక్కడా లేదు. నాకు సిగ్గుతో తల పైకి లేవలేదు.

"ఆయమ్మ తప్పు గాదు వదినా," అంటూ ప్రేమయ్య వాకిట్లో కూలబడ్డాడు. "నేనే చెప్పల్యా. ఆ పేరు నా నోట్లోకి రాల్యా."

కృపమణి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఇప్పుడు ఆమె ముఖంలో భయం లేదు. ఉన్నదేమిటో చెప్పడం నాకు చేతకాదు.

"పదమూడేండ్లాయ ప్రేమయ్యా. జైలు నుంచి వచ్చినంక కూడా ఐదేండ్లు ఒకే చర్చిలో కూచ్చున్యాం. నీకు నీ ప్రాణం యాదికుండాది, నీ పాపం యాదికుండాది. నా ఇంటికొచ్చి తప్పయిందని ఒక్క మాట అనేది యాదికి రాల్యా?"

కొడుకును పిలిచి గడియ తీయించుకుని లోపలికి పోయింది. ప్రేమయ్య లేచి నిలబడి, "తప్పయింది వదినా," అన్నాడు. అప్పటికే తలుపు మూసేశారు.