మొక్కిన కోడి, రింగు కోడి

ఎనభైల మొదట్ల నన్ను నారాయణఖేడ్‌కు గ్రామసేవికగా పంపిండ్రు. డిగ్రీ చదివిన, పెండ్లి కాలే, నోరు ఊకోదు. ఇసొంటి ఆడదాన్ని ఎక్కడ పడేయాల్నో ఆఫీసుకు బాగ తెలుసు.

నా పని రైతు పిల్లలకు వ్యవసాయం నేర్పుడు. నడకొచ్చినకాన్నుంచి చేన్లనే ఉన్న పిల్లలకు, ఫ్యాన్ కింద కూసున్నోళ్లం వ్యవసాయం నేర్పాలె. నవ్వకుండ చెప్పుడే ఆ కొలువుల అసలు కష్టం.

మనూర్ దిక్కు ఒక ఊరుండె. శనివారం మధ్యాహ్నం బడి వరండాల పిల్లల సంఘం కూడేది. మొగపిల్లలకు విత్తన శుద్ధి, ఎరువు గుంత, గోడకు ట్రాక్టర్ బొమ్మలు. ఆడపిల్లలకు కోడిపిల్లలు. ఎందుకట్ల అని మా సారును అడిగిన. ఆడపిల్లలకు భూమి యాడుంటదమ్మా అన్నడు. మొగపిల్లలకు ట్రాక్టర్ యాడుంది సార్ అన్న. ఆ నెల నా ప్రయాణ భత్యం ఆఫీసుల యాడనో ఆగింది.

ఆ కోడిపిల్లలు తెల్లజాతివి. కొంచెం పెరిగినంక కాలికి అల్యూమినియం రింగు ఏసేది. రింగు లేకుంటే అది మన లెక్కల కోడి కాదు అని వారం వారం ఆ పిల్లల చెవులు గింగురుమనేటట్టు చెప్పేదాన్ని. ఊరోళ్లు వాటిని సర్కారు కోళ్లన్నరు, నన్ను కోళ్లమ్మ అన్నరు. కొన్నిటిని గద్ద ఎత్తుకపోయింది, కొన్నిటిని పిల్లి తిన్నది, కొన్ని కొక్కెర రోగంతోని పోయినయి. మిగిలినవి ఇంటికి చుట్టాలొచ్చిన నాడు పోయినయి. చుట్టాల రోగానికి టీకా లేదు.

ఆఖరుకు ఊళ్లె నిలిచినవి రెండు. ఒకటి పటేల్ మనుమరాలిది. సగం ఈకలు రాలిపోయి, ఒక కన్ను మూసుకపోయి, అది బతికిందా చచ్చిందా అని తట్టి చూడాల్సొచ్చేది. రెండోది కూలోళ్ల వాడల ఒక పిల్ల పెంచిన పుంజు.

ఆ పిల్లకు పదహారో పదిహేడో ఉంటయి. నోట్ల నాలుక ఉందో లేదో అనుమానమొచ్చే రకం. నాకు అసొంటోళ్లంటే చిరాకు. ఏదన్న అడిగితే కాలి బొటనవేలుతోని నేల గీకుతది. దాని మాటలన్ని ఆ పుంజుతోనే. ముసలవ్వ పుట్టిల్లు బీదర్ దిక్కు, అందుకే దాన్ని రమ్మననీకి పిల్ల కన్నడంల "బా, బా" అని పిలిచేది. పిలిస్తే ఆ పుంజు పటేల్ గోడ మీద ఉన్నా దుంకి ఉరికొచ్చేది. నేను ముట్టుకుంటే పొడిచి రక్తం తీసేది. రింగు చూడాలంటే ఆ పిల్ల ఉండాలె. రెండు వేళ్లతోని మెడకాడ గీకితే పుంజు కండ్లు మూసుకొని, బుద్ధిమంతుని లెక్క నిలబడేది.

ఆ పిల్లకు ఆ పుంజు ఎందుకంత ముఖ్యమో చెప్పాలె. తల్లిదండ్రి ఏటా దసరా దాటంగనే చెరుకు నరకనీకి లారీ ఎక్కేటోళ్లు, ఎండలు ముదిరినంక తిరిగొచ్చేటోళ్లు. పిల్ల అవ్వకాడ ఉండేది. ఆ ఏడు పిల్ల ఎదిగింది, చేతులకు బలమొచ్చింది, కూలోళ్లను తీస్కపోయే లారీ మేస్త్రీ కండ్ల పడ్డది. అదే ఏడు సంగారెడ్డిల ఆడపిల్లలకు కోళ్ల పెంపకంల ఏడాది శిక్షణ పెట్టిండ్రు. హాస్టలు, తిండి, అయినంక కోళ్ల కేంద్రంల పని. మా సంఘానికి ఒక్కటే సీటు. బడిల కోళ్ల ప్రదర్శన పెట్టి, ఆ నాడు జిల్లా పెద్ద సారు ఎవరి కోడి మంచిగుందంటే వాళ్లకు. తండ్రి తేల్చి చెప్పిండు: "సీటొస్తే పో. రాకుంటే కత్తి పట్టు."

పటేల్ మనుమరాలి కోడిని చూసినంక సీటు ఎవరిదో గుడ్డోడు గూడ చెప్తడు. గుడ్డోడైతే చెప్పేటోడేమో. వచ్చినోళ్లకు కండ్లుండె.

ప్రదర్శన నాడు పొద్దుగాల్నే ఆడపిల్లలందర్ని బడికి పిలిచిన. ఊడ్చుడు, అలుకుడు, రంగు కాగితాలు అంటించుడు. ఆ పిల్ల గూడ వచ్చింది. పుంజును అవ్వకు అప్పజెప్పొచ్చిన, మధ్యాహ్నం కాళ్లు కడిగి తీసుకొస్త అన్నది. జీపు జల్దీనే వచ్చింది. పెద్ద సారు, మా సారు, డ్రైవర్ దిగి సీదా పటేల్ ఇంటికి పోయిండ్రు. సర్కారోళ్లు ఎవరొచ్చినా ముందు పటేల్ ఇంట్ల తినాలె, తర్వాతనే పని. ఆ తిండికి కోడి కావాలంటే పటేల్ చెప్పిన పని చేసే ఊరి సుంకరి వాడలకు పోయి పట్టుకొస్తడు. పటేల్ ఇంట్ల కోళ్లు లేక కాదు. అవి పటేల్‌వి.

సుంకరి ఆ అవ్వ గుడిసెకు పోయిండు. వాకిట్ల రెండు కోళ్లు. ఒకటి రింగు పుంజు. ఇంకోటి బలిసిన నాటు పెట్ట. ఆ పెట్టను చూపెట్టి ఇది పట్టుకపోత అన్నడట. అవ్వ అడ్డం పడ్డది. అది బోరంచ నల్లపోచమ్మకు మొక్కిన కోడి. మనుమరాలికి సీటొస్తే కోస్తనని మొక్కింది. దేవతకిచ్చిన దాన్ని ముట్టుకునేంత ధైర్యం సుంకరికి లేదు. చెంపలేసుకున్నడట. ఇగ పుంజును చూసిండు.

"గిది సర్కారు కోడే గదనే. సర్కారోళ్లకు పోతది. నీదేం పోయింది?"

అవ్వ తన చేతులతోనే పట్టిచ్చింది. సుంకరి వాకిట్లకొస్తే ఇయ్యకుంట ఉన్న రోజు ఆమె బతుకుల లేదు. పైంగ, మొక్కిన కోడి దక్కిందని సంబరపడ్డదట. సీటు తెచ్చే కోడిని ఇచ్చి, సీటొచ్చినంక కోసే కోడిని కాపాడుకున్నది.

ఇదంత నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నేను పటేల్ ఇంట్ల వెనక గదిల ఆడోళ్లతోని కూసొని జొన్నరొట్టె తింటున్న. తొడలు ముందు గదికి పోయినయి, మాకు మెడలు, రెక్కలు వచ్చినయి. రుచిగనే ఉండె. ముందు గదిల పెద్ద సారు వేళ్లు నాకుకుంట, ఇంత మెత్తటి కోడి జిల్లాల తినలేదన్నడు.

పెద్ద సారు పండ్లు కుట్టుకుంట, ఎనక పటేల్, సుంకరి రాంగ బడికొచ్చిండు. టేబుల్ మీద పటేల్ మనుమరాలి కోడి గంపల కునుకుతుంది. ఆ పిల్ల ఆలస్యంగ వచ్చింది. చేతుల గంప, మీద గుడ్డ. తెచ్చి టేబుల్ మీద పెట్టింది. సారు గుడ్డ లేపిండు. గంపల ఒక కోడి కాలుంది, పసుపుపచ్చది, గోర్లతోని. దానికి రింగుంది. పటేల్ వంటింటి వెనక కుప్పల దేవులాడి తెచ్చింది.

"గిదేందే?" అన్నడు పెద్ద సారు.

"రింగు, సార్," అన్నది.

నేను చెప్పిందే. లెక్కల పడేది ఏదో అదే తెచ్చింది.

పటేల్ సుంకరి దిక్కు చూసిండు. సుంకరి ఏం బెదరలే. సర్కారు కోడిని సర్కారోళ్లకే పెట్టిన, ఇందుల తప్పేంది పటేలా అన్నడు. ముందు మొగపిల్లలు నవ్విండ్రు, తర్వాత పటేల్, తర్వాత పెద్ద సారు పొట్ట పట్టుకొని నవ్విండు. ఆ పిల్ల నేల గీకుతుంది.

నవ్వులయినంక సారు గొంతు సవరించుకున్నడు. రూలు ప్రకారం పక్షిని ప్రాణంతోని చూడాలె, ఏం చేయలేమన్నడు.

"చూసుడేంది సార్," అన్న. "మీరు ఎముక దాక చూసిండ్రు. గీ గుడ్డికోడిని పైపైన చూసి ఎట్ల మార్కులేస్తరు?"

"మీరు తినలేదా?"

"తిన్న. అందుకే సాక్ష్యం చెప్తున్న. గసొంటి కోడి ఈ ఊళ్లె ఇంకోటి లేదు. ఇందాక మీరే అన్నరు."

ఈసారి ఎవ్వరూ నవ్వలే. సీటు పటేల్ మనుమరాలికిచ్చిండు. నా నోటివల్లనే ఆ పిల్ల సీటు పోయిందని మా సారు అన్నడు, ఆఫీసంత అన్నది. నేను ఒప్పుకోను. నోరు మూసుకుంటే సీటొచ్చేదైతే, ఆ పిల్లకు ఎప్పుడో రావాలె.

పటేల్ మనుమరాలు హాస్టల్ అన్నం అరగదని వారం కాకముందే ఇంటికొచ్చింది. సీటు ఖాళీగున్నది గదా, దీనికియ్యండి అని జిల్లాకు పోయి కొట్లాడిన. మధ్యల మార్చరాదన్నరు. ఖాళీ మంచం ఏడాదంత ఖాళీగనే పన్నది.

దసరా ముంగట అవ్వ నాటు పెట్టను సంకల పెట్టుకొని బోరంచకు బయలెల్లింది. సీటు రాలే గదవ్వా, మొక్కు ఎందుకు తీరుస్తవని దారిల ఆపి అడిగిన. ఆమె నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూసింది.

"సుంకరొస్తేనే ఇచ్చిన. పోచమ్మకు ఇయ్యకుంటె ఎట్లనే?"

దసరా అయినంక ఒక పొద్దుగాల మొదటి బస్సుకు ఆ ఊళ్లె దిగిన. కొత్త జట్టు కోడిపిల్లలు గంపల కిచకిచమంటున్నయి. ఆఫీసు మళ్ల పంపింది. బస్సాగేకాడనే చెరుకు లారీ నిలబడ్డది. గిన్నెలు, బొంతలు, కత్తులు ఎక్కిస్తుండ్రు. ఆ పిల్ల తల్లిపక్కన నిలబడి ఉంది. గంప దిక్కు చూడలే. నేను ఏదో ధైర్యం చెప్పబోయిన. అదే ముందు మాట్లాడింది. అన్నేండ్లల నన్ను అడిగిన మాట అదొక్కటే.

"అక్కా, నువ్వు ఏ ముక్క తిన్నవ్?"

లారీ మీదున్నోళ్లు పకపక నవ్విండ్రు. నాకు ఎవరికైనా జవాబు చెప్పుడు అలవాటే.

"మెడ," అన్న.

తలూపింది. కొంగు నడుముకు చెక్కుకొని లారీ ఎక్కింది.